మడత కింది కాళ్లు

ఆ బొమ్మ మా వర్క్‌షాపుకు వచ్చిననాడు దానికి కాళ్లు లేవు.

ఆదివారం పొద్దున ఇమ్తియాజ్ దాన్ని వ్యాను నుంచి దించి, చుట్టిన దుప్పటి విప్పి, నా బల్ల మీద పండవెట్టిండు. ఇమ్తియాజ్‌ది బోధన్. మా దగ్గర డ్రైవర్. ఏ సామాను దించినా దానికొక చుట్టరికం కలపనిదే చెయ్యి తియ్యడు.

"సూడు లింబాద్రి భాయ్, మీ పెదనాయిన కోటేసుకొని దుబాయి ఎక్కిండు" అన్నడు.

మేముండేది బహ్రెయిన్. ఊర్లె మాత్రం అందరికీ ఇది దుబాయే. నేను సరిదిద్దుడు మానుకొని ఆరేండ్లయింది.

సల్మాబాద్‌ల రెండు గ్యారేజీల నడుమ ఉంటది మా వర్క్‌షాపు. ఒక దిక్కు సొట్టలు తీసే సుత్తె చప్పుడు, ఇంకో దిక్కు కార్ల రంగు వాసన. నడుమ మేము పటాలకు, అద్దాలకు ఫ్రేములు కడతం. ఫోర్‌మన్ మా బావ కిషన్, మా అక్క జమున పెనిమిటి. నన్ను ఇక్కడికి పిలిపించింది ఆయనే. నా వీసా వచ్చే నెలతోని అయిపోతది. పొడిగించాల్నా వద్దా అని సేటు అడిగేది బావనే. ఆయన తల ఊపితే ఉంట, ఊపకుంటే పోత.

బొమ్మ వెనుకనే మేడం తన కారుల వచ్చింది. వాళ్లది బ్రెజిల్. ఆమె భర్త ఇక్కడి అస్కర్ ఊరి దిక్కు ఇంజనీరు పని చేస్తడు. బొమ్మల ఉన్నది వాళ్ల నానమ్మ వాళ్ల నాయిన అట. కాఫీ తోటల దొర అట. వాళ్ల దేశపు పెయింటర్ ఒకాయన ఆ తోటకు వచ్చి, ఎదురుంగ కూసుండవెట్టుకొని నూనె రంగులతోని వేసిండట. పైన ఎడమ మూలకు ఆయన సంతకం, దాని కింద 1887 అని అంకెలు. పాత ఫ్రేముకు పురుగు పట్టింది, బంగారు రంగుది కొత్తది కావాలె, బుధవారం నాలుగింటికి వస్త అని చెప్పి మేడం పోయింది.

నేను బొమ్మను చూసిన. మనిషి గడప మీద కూసున్నడు. వెనుక మట్టిగోడ, దాని పూత పెచ్చులు లేచి ఉంది. నల్లకోటు, మెడదాక గుండీలు. మోకాళ్ల కింద కొంచెం దాకనే కనపడుతున్నడు. ఎడమచేతిల నల్లటి ముక్క ఒకటి, కుడిచేతిల చిన్న కత్తి. అందరు ముందు ముఖం చూస్తరేమో. నేను చేతులు చూసిన. కత్తిని బొటనవేలు దిక్కు గుంజుతున్నడు. పొగాకు కాడ తరిగేటోడు అట్లనే గుంజుతడు. ఆకు తెగి, వేలి తోలు దగ్గర కత్తి ఆగుతది. అలవాటు లేనోడు భయానికి కత్తిని బయటికి నూకుతడు. మా నాయిన చుట్ట కోసం బతికినన్ని రోజులు తరిగిండు. ఆయన బొటనవేలు మీద గీతలు గీతలు ఉండేవి. బొమ్మల మనిషి వేలు మీద గూడ ఉన్నై. ఆ పెయింటర్ ఒక్కటి విడిచిపెట్టలె.

తోటల దొర తన పొగాకు తానే తరుగుకుంటడా అనుకున్న.

కొలత తీసింది నేనే. పటం ఏదైనా ఫ్రేము విప్పినంకనే కొలవాలె. అది నాకు తెలుసు. కాని పాత మేకులు తుప్పు పట్టి గట్టిగున్నై, బావ నెత్తి మీద నిలబడి "యల్లా, యల్లా" అని తొందర పెడుతుండు. కనపడేదాని వరకు టేపు పెట్టి, చుట్టూ వేలెడు కలిపి చెప్పిన. ఆ కొలతకే బావ ఇటలీ నుంచి వచ్చిన బంగారు రంగు ఫ్రేము పట్టీ కోసిండు. ఆ రకంల అదే ఆఖరిది. తప్పు నాది. దాన్ని ఇంకొకని మీద పెట్టే ఆలోచన నాకు అప్పుడు లేదు, ఇప్పుడు లేదు.

సోమవారం మేకులు ఊడదీసిన. వెనుక గోధుమ కాగితం అంటించి ఉంది. దాన్ని తీస్తే, గుడ్డ కిందికి అయిపోలేదు. జానెడు గుడ్డను లోపలి చెక్క మీదికి మడిచి వెనుక మేకులు కొట్టిండ్రు. వాటిని గూడ తీసి, ఏసీ రూముల బల్ల మీద వెల్లకిల వేసి, మడతను మెల్లగ పరిచిన. పెళుసుబారిన గుడ్డ అది. పాత ఉత్తరం విప్పినట్టు ఊపిరి పట్టుకొని విప్పిన.

రెండు కాళ్లు.

చెప్పులు లేవు, బూట్లు లేవు. బొటనవేళ్లు పక్కకు విచ్చుకొని ఉన్నై. చిన్ననాటి నుంచి ఏదీ తొడగని కాలు అట్లనే ఉంటది, వేళ్లు ఎవని ఇష్టం వాడు ఉన్నట్టు. మడిమలు పగిలినై. కుడి చిటికెనవేలికి గోరు లేదు. మిగతా గోర్ల సందున ఎర్రమట్టి. ముఖమంతా పొగచూరి మాసింది గాని కాళ్లు ఎన్నడు వెలుతురు చూడలె, అందుకే నిన్న వేసినంత తాజాగ ఉన్నై. మడత పడ్డ జాగల, పిక్కల మీద, రంగు అడ్డంగ పగిలి తెల్లగీత తేలింది.

అప్పుడు నాకు కోటు సంగతి సమజైంది.

మా మండలంల ఫోటో స్టూడియోల ఒక కోటు ఉండేది. గల్ఫుకు పోయేటోళ్లందరికీ అదొక్కటే కోటు. పాస్‌పోర్టు ఫోటో అంటే ఆ కోటే. నాకు అది వదులైతే, ఫోటోలు తీసే బాబు వీపు దిక్కు బట్టలారేసే క్లిప్పులు పెట్టి బిగించిండు. పైన కోటు, టై. కింద లుంగి, నాట్ల నుంచి నేరుగ వచ్చిన బురద కాళ్లు. "కాళ్లు రావు, కదలకు" అన్నడు. నేనొక్కన్నే కాదు, మా వాడకట్టుల పోయినోళ్లందరం ఒక్క కోటుల దేశాలు దాటినం.

బొమ్మల కోటు గూడ భుజాల నుంచి జారుతున్నది. చేతులు పొడుగై లోపలికి మడిచి ఉన్నై. నిన్న చూసినప్పుడు అది వాళ్ల దేశపు ఫ్యాషన్ అనుకున్న. అది ఆయన కోటు కాదు. బొమ్మ కోసం ఎవరో తొడిగిండ్రు. పెయింటర్ కోటు వేసిండు, కాళ్లు గూడ వేసిండు. తర్వాత ఎవరో కాళ్లు మడిచిండ్రు.

బావను పిలిచిన. చూసి నవ్విండు.

"ఓరి, దొరకు చెప్పులు లేవా?"

తర్వాత టేపు పెట్టి కొలిచిండు. నవ్వు పోయింది.

"జానెడు ఎక్కువున్నది గదరా. ఫ్రేము పట్టది."

"పట్టది. నేను తప్పు కొలిచిన."

"తప్పు లేదు గిప్పు లేదు. ఎట్ల వచ్చిందో అట్లనే మడిచి కొట్టు."

"మడవను బావా."

"ఏందీ?"

"మడవను. రంగు ఇంకింత ఊడుతది."

"ఊడితే మడతలనే ఊడుతది. ఎవనికి కనవడుతది?"

"రంగు సంగతి కాదు."

"మరి ఏం సంగతి, చెప్పు."

నేను మాటల మనిషిని కాను. మా బళ్లె సారు లేపి అడిగితే, జవాబు తెలిసినా నిలబడి గోడ చూసెటోన్ని.

"మొక్కుతవా ఏంది ఆ కాళ్లకు? బ్రెజిల్‌ల మీకు చుట్టాలున్నరని మీ అక్క నాకు లగ్గంనాడు చెప్పలేదు గదరా" అన్నడు బావ.

తలుపు కాడ చాయ తాగుతున్న ఇమ్తియాజ్ అందుకున్నడు. "నేను నిన్ననే చెప్పిన గదా కిషన్ భాయ్, పెదనాయిన అని."

"నువ్వు నీ వ్యాను తుడుసుకో" అని బావ ఆయన మీద ఎగిరిండు. నా దిక్కు తిరిగి, "అన్నం తిని వచ్చేసరికి మడిచి ఉండాలె" అని చెప్పి పోయిండు.

నేను అన్నానికి పోలె. బొమ్మ ముందట నిలబడ్డ.

మూడేండ్ల కింద మా నాయిన పోయిండు. నేను ఊరికి పోలేకపోయిన. పటం కట్టిద్దామంటే నాయినకు రేషన్ కార్డు మీది తలకాయ తప్ప ఫోటో లేదు. స్టూడియో బాబు ఆ తలను కోసి, కంప్యూటర్ల ఒక కోటుకు అతికించి, వెనుక నీలం ఆకాశం పెట్టి ఇచ్చిండు. మా అమ్మ భీమవ్వ దాన్ని చేతుల పట్టుకొని చాలాసేపు చూసిందట. "తల మీ నాయినదేరా. ఈ మొండెం ఎవనిది? మొక్కుదామంటే కాళ్లేవి?" అని అడిగింది నన్ను ఫోన్ల. దండ వెయ్యలె. పటాన్ని గోడ దిక్కు తిప్పి పెట్టింది. ఇప్పటికీ పెత్తరమాసనాడు నాయిన పేరు మీద అన్నం పెట్టేది పటం ముందట కాదు, ఆయన పొగాకు కత్తి ముందట.

ఆనాడు అమ్మకు ఆ కాళ్లు నేను తెచ్చియ్యలేకపోయిన. ఇప్పుడు నా చేతుల సుత్తె ఉంది.

చెక్కలు కోసిన. గుడ్డకు ఉన్నంత పొడుగు, ఉన్నంత వెడల్పు, కొత్త లోపలి చట్రం కట్టిన. బొమ్మను దాని మీద పరిచి, అంచుల వెంట మాత్రం సన్నపిన్నులు కొట్టిన. గంటంబావు పట్టింది. బావ వచ్చేసరికి మనిషి తలకాయ నుంచి గోటిదాక కనపడుకుంట గోడకు ఆని ఉన్నడు. బంగారు ఫ్రేము పక్కన పెట్టి చూస్తే, చిన్నపిల్లల అంగీ పెద్దోనికి పట్టుకున్నట్టున్నది.

బావ మొకం ఎర్రగైంది. "ఖలాస్! అయిపోయింది. సేటుకు ఏం చెప్పాల్రా నేను?"

"లింబాద్రి తప్పు కొలిచిండని చెప్పు."

"చెప్తే నీ వీసా ఏమైతదో తెలుసా?"

"తెలుసు."

"మీ అక్క మొకం చూసి తెచ్చిన నిన్ను!"

"అక్క మొకం చూడకు బావా. ఈయన మొకం చూడు."

బావ చూడలె. మేడం వచ్చినంక ఆమెతోనే మడతపెట్టుమని అనిపిస్త, అప్పుడేమంటవో చూస్త అన్నడు.

మంగళవారం అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది. "తమ్మీ, ఎవని కాళ్లో పట్టుకొని మీ బావతోని పంచాదెందుకురా? ఆ మనిషి చచ్చి నూరేండ్లాయె. నువ్వు బతకాలె గదా." రెండుసార్లు విన్న. అక్క చెప్పింది అబద్ధం కాదు. అయినా ఆ మడత దగ్గరికి నా చెయ్యి పోలె.

బుధవారం నాలుగింటికి మేడం వచ్చింది. బావ ఇంగ్లీషుల, చిన్న ప్రాబ్లం, పది నిమిషాల పని అని మొదలుపెట్టిండు. ఆమె వినలె. గోడ దిక్కు చూస్తున్నది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. వాళ్ల భాషల ఏదో అన్నది. తర్వాత మెల్లగ ఇంగ్లీషుల చెప్పింది. ఇమ్తియాజ్‌కు నాకంటె ఎక్కువ అర్థమైతది. నా పక్కకు జరిగి తెలుగు చేసిండు.

"ఆ కాలంల వాళ్ల దేశంల మనుషుల్ని కొనుక్కునేటోళ్లట భాయ్. కొన్న మనిషిని చెప్పులు తొడగనియ్యకపోయేదట. విడుదలైనోడు ముందుగాల కొనేది బూట్లేనట. ఈ బొమ్మ వేసిన ఏడాదికి గాని ఆ కొనుడు అమ్ముడు బంద్ కాలేదట." ఇమ్తియాజ్ బొమ్మ దిక్కు చూసిండు. "ఈయన దొర కాదట భాయ్. ఆ తోటల కొన్న కూలోడే అయుంటడు అంటున్నది. నానమ్మకు తెలిసే ఉంటది, ఆమెనే మడిపించి ఉంటది అంటున్నది."

మేడం కుర్చీల కూసున్నది. నీళ్లిస్తే తాగింది. లేచి, బావ దిక్కు చూసి, మళ్లీ మడిచెయ్యండి అన్నది. శుక్రవారం ఇంట్ల పెద్ద దావత్ ఉందట, భర్త ఆఫీసోళ్లందరు వస్తరట, ఇన్నేండ్లు దొర అని చెప్పుకున్నమట. ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం అన్నది.

"యెస్ మేడం, టెన్ మినిట్స్!" బావ పటకారు అందుకున్నడు. నా దిక్కు చూసిన చూపుల, ఇప్పుడు చెప్పరా అన్నట్టుంది.

నేను పోయి బొమ్మ ముందట నిలబడ్డ.

"నో మేడం" అన్న.

ఆరేండ్లల గిరాకీతోని నేను ఆ మాట అనుడు అదే మొదలు. అన్నంక ఇంగ్లీషు అయిపోయింది. ఇమ్తియాజ్‌తోని చెప్పిన. "బొమ్మ ఆమెది. మడవాలంటే పటకారు ఆమె చేతికిస్త, ఆమెనే మడుచుకోవాలె. నేను మడవను. మా బావను మడవనియ్యను. చెప్పు."

"చెప్పాల్నా?" అన్నడు ఇమ్తియాజ్, బావ దిక్కు చూసుకుంట.

"చెప్పు."

చెప్పిండు. అప్పుడు మాత్రం ఎవలికీ ఏ చుట్టరికం కలపలె.

మేడం నన్ను మొదటిసారి చూసింది. అంతకుముందు గూడ చూసింది గాని, బల్లను చూసినట్టు చూసింది. ఎందుకు అని అడిగింది.

నేను ఫోన్ల నా పాస్‌పోర్టు కాపీ తెరిచి ఆమెకు ఇచ్చిన. కోటు, టై, నూనె పెట్టి దువ్విన తల. "కోట్, నాట్ మై కోట్" అన్న. తర్వాత వంగి నా కుడి బూటు లేసులు విప్పిన. బూటు తీసిన, మేజోడు తీసిన. కాలు తీసుకపోయి బొమ్మల కాలు పక్కన, సిమెంటు నేల మీద పెట్టిన.

"బుద్ధున్నదారా నీకు, మేడం ముందట!" అని బావ పళ్లు కొరికిండు.

నా బొటనవేలు గూడ పక్కకే విచ్చుకొని ఉంటది. ఆరేండ్ల బూటు దాన్ని దగ్గరికి తేలేకపోయింది.

మేడం నా కాలు చూసింది, బొమ్మల కాలు చూసింది. నేల మీద మోకాళ్ల మీద కూసున్నది. వేలు తగలకుండ, వెంట్రుకంత దూరంల, ఆ పగిలిన మడిమ మీదుగ తిప్పింది. పక్క గ్యారేజీల సుత్తె చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. ఆమె తలెత్తకుంటనే ఏదో అడిగింది.

"ఆయన చేతిల ఉన్నది ఏందని అడుగుతున్నది" అన్నడు ఇమ్తియాజ్. "వాళ్లింట్ల అందరు, ముత్తాత కలం చెక్కుకుంటున్నడు అనేటోళ్లట. బాగ చదువుకున్న మనిషి అనేటోళ్లట."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలె.

"కలం కాదు. పొగాకు" అన్న. "పేనిన పొగాకు కాడ. చుట్టకో, బీడీకో తరుగుతున్నడు." బల్ల మీది స్క్రూడ్రైవర్ తీసుకొని, కత్తి బొటనవేలు మీదికి ఎట్ల గుంజుతరో చూపించిన. ఆయన వేలు మీది గీతలు చూపించిన, ఒక్కొక్కటి. "ఈయనకు ఈ పని మస్తుగ వచ్చు. ఎన్నో ఏండ్లు చేసిండు. అది చూసిండు కాబట్టే ఆ పెయింటర్ వేసిండు."

మేడం కండ్ల నీళ్లున్నై, అయినా నవ్వుతున్నది. కలం అంట, కలం, అని తనలో తానే రెండుసార్లు అనుకున్నది. లేచి మోకాళ్లకు అంటిన దుమ్ము దులుపుకున్నది. మడవొద్దు అన్నది.

"మేడం, ఈ ఫ్రేము పట్టది, బంగారం పట్టీ ఇంక లేదు" అన్నడు బావ.

అయితే బంగారం లేకుండనే కట్టండి అన్నది. దావత్ టైముకు గోడకు ఉండాలె అన్నది.

ఆమె పోయినంక బావ ఆ బంగారు ఫ్రేమును గోడకు ఆనించి, దాని అంచు వెంట వేలు నడిపిండు.

"గెలిచినవ్ తీయ్. సేటుకు దీని సంగతి చెప్పాలె నేను. నీ సంగతి గూడ చెప్త."

"చెప్పు బావా."

శుక్రవారం సెలవు. నేను మేముండే లేబర్ క్యాంపుల ఉండకుండ వర్క్‌షాపుకు వచ్చి, సాదా టేకు చెక్క గీసి, ఫ్రేము కట్టిన. రంగు వెయ్యలె, నూనె మాత్రం రుద్దిన. ఈసారి టేపు మూడుసార్లు పెట్టిన. కింది అంచు, ఆయన వేళ్లకు రెండు వేళ్ల దూరంల ఆగింది. పది గంటలకు బావ వచ్చిండు. చాయ తాగుకుంట ఒక మూలకు కూసున్నడు. కొంతసేపటికి, "ఆ కుడి మూల వెంట్రుకంత తేడా ఉంది" అన్నడు. చూస్తే ఉంది. విప్పి మళ్లీ కట్టిన.

ఇమ్తియాజ్ వ్యాన్ల ఎక్కించేటప్పుడు తల దిక్కు తాను పట్టుకొని, "కాళ్ల దిక్కు నువ్వు పట్టు భాయ్. నిన్ను నమ్మిండు పెదనాయిన" అన్నడు.

ఆదివారం బావ నన్ను పిలిచిండు. బల్ల మీద కాగితాలున్నై.

"సనాబిస్‌కు పోయి రెండు ఫోటోలు దిగి రా."

"ఎందుకు? పొడిగించనీకా, పంపియ్యనీకా?"

"సేటు ఇంకా తేల్చలె. దేనికైనా ఫోటో కావాలె."

సనాబిస్ స్టూడియోల స్టూలు వెనుక మేకుకు ఒక నల్లకోటు వేలాడుతున్నది. దాని జేబుల టై. ఫోటో తీసే ఆయన నేను అడగకముందే దాన్ని దించి, భుజాల కాడ పట్టుకొని నిలబడ్డడు. ఎంతమంది చేతులు దూరినయో, కాలరు నున్నగయింది.

"నక్కో భాయ్, వద్దు" అన్న.

కోటు ఉంటే ఆఫీసులల్ల ఇజ్జత్ ఇస్తరని చెప్పిండు. జిగురు మరకలున్న నా వర్క్‌షాపు అంగీతోనే కూసున్న. రెండు తీసిండు. లేవబోయి, ఇంకొకటి తియ్యుమన్న. బూట్లు విప్పి, స్టూలు వెనుకకు జరిపిచ్చి, రెండు కాళ్లు ముందటికి పెట్టి, తలకాయ నుంచి గోటిదాక. అది ఆఫీసుకు కాదు, మా అమ్మకు.

తిరిగి వచ్చి చిన్న ఫోటోలు బావ ముందట పెట్టిన. తీసి, వెలుతురుకు పట్టి చూసిండు.

"కోటేదిరా?" అన్నడు.

"అది స్టూడియోది బావా" అన్న. "అక్కడ్నే ఉన్నది."